ఈ విల్లుది ఏ ఊరు?

శంషాబాదు దాపుల ఒక గ్రామం నుంచి ఒక చదువరి పెద్ద ఉత్తరమే వ్రాశారు. పాత ఇల్లు విప్పుతూ ఉంటే అటక మీద, చింకి బొంతలో చుట్టిన వింత వస్తువు ఒకటి దొరికిందట. విల్లు అని ఇంట్లో ముసలమ్మగారు చెబితే తప్ప విల్లని పోల్చుకోలేకపోయారట. అల్లెత్రాడు లేదు. రెండు కొనలూ ఒకదాని నొకటి ముట్టుకోబోతున్నట్లు సున్నాలా చుట్టుకుపోయింది. వంపు వెంట నూలుదారం పెట్టి కొలిస్తే నాలుగడుగుల చిల్లర. నట్టనడుమ పిడి సన్నం, ఆ పక్కనే రెండు చేతులూ వెడల్పు. ఎర్రటి రంగు మీద బంగారు పూలు. సున్నాకు వెలుపలి వైపు రంగు పెచ్చులూడిన చోట నల్లగా, నున్నగా ఏదో మెరుస్తోంది. లోపలి వైపు ఊడిన చోట పసుపుపచ్చని పీచు కనబడుతోంది. అక్షరం ముక్క ఎక్కడా లేదు.

ఇక సలహాలకు కొదవ ఏముంది? ఔరంగజేబు గోలకొండ మీదికి వచ్చినప్పటిదే ఇది అని మేనమామగారు. కాదు, నల్లమల చెంచులది అని బావమరిదిగారు. పట్నం నుంచి వచ్చిన పాతసామాన్ల వ్యాపారి మాత్రం పెదవి విరిచి, “చైనా సరుకు, రంగు కొత్తగా వేయిస్తే ఏమైనా పలుకుతుందేమో” అన్నాడట. అమెరికాలో ఉన్న కుమారుడు సెలవుకు వచ్చి ఉన్నాడు. “సున్నాలా ఉంది గనుక పెట్టెలో హాయిగా పడుతుంది, పట్టుకుపోయి గోడకు తగిలిస్తాను” అంటున్నాడు. ప్రయాణం వచ్చే నెలలోనే.

“ఇది ఏ దేశపు విల్లు? ఎవరి మాట నమ్మమంటారు?” అని చదువరి ప్రశ్న.

ప్రశ్న ఒకటే అనిపిస్తుంది గాని ఇందులో మూడున్నాయి. దీన్ని ఎక్కడ చేశారు? ఎవరు వాడారు? మీ అటక మీదికి ఎలా వచ్చింది? ఈ మూడింటికీ జవాబు ఒకటే కావాలని లేదు. ఇందుకు మన ఆదోని కవచాలే సాక్షి. ఔరంగజేబు సేన 1689లో ఆదోని కోటను పట్టుకొన్నప్పుడు ఆ సేనలో ఉన్న బికనీరు మహారాజు అనూప్ సింగు అక్కడి ఆయుధాగారం నుంచి కవచాలూ, కత్తులూ రాజస్థానానికి తరలించుకొని పోయాడు. బికనీరు ఆయుధశాలలో వాటి మీద చుక్కలు చుక్కలుగా నాగరి అక్షరాలు కొట్టించి లెక్క వ్రాసుకొన్నారు. తరువాతి కాలంలో వాటిలో కొన్ని దేశాలు దాటి పెద్ద పెద్ద మ్యూజియములకు చేరాయి. ఆ చుక్కల అక్షరాలే లేకపోతే వాటిని చూసిన ఏ పండితుడైనా రాజస్థానపు సరుకని వ్రాసి ఊరుకొనేవాడు. దొరికిన చోటే పుట్టిన చోటని అనుకోరాదనడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ అక్కరలేదు. కాబట్టి ముందు వస్తువును చూద్దాం, తరువాత ఊరు చూద్దాం.

మొదట చెంచుల సంగతి. మన అడవుల్లోని విండ్లు, అంటే నల్లమల చెంచులవి గాని, గోదావరి మన్యంలో కోయలవి, కొండరెడ్లవి గాని, ముఖ్యంగా వెదురుతో చేసినవి. ఒకే బద్ద. కణుపులు కంటికి కనబడతాయి. త్రాడు విప్పితే బద్ద ఇంచుమించు తిన్నగా నిలబడుతుంది, అంతే గాని వెనక్కు తిరిగి చుట్టుకోదు. వానకు తడిసినా దానికి ఫరవాలేదు, విరిగితే మరునాటికి మరొకటి. మన్యంలో ఆ విల్లు ఎంత నమ్మకమైన నేస్తమో చెప్పనక్కరలేదు. అయినా 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరుసగా పడింది తుపాకుల కోసమే. ఎదుట తుపాకీ ఉన్నప్పుడు వెదురువిల్లు చాలదని ఆయనకు తెలుసు. సరే, మన చదువరి వ్రాసిన విల్లులో కణుపులు లేవు, రంగులూ పొరలూ ఉన్నాయి. బావమరిదిగారు మన్నించాలి, ఇది చెంచులది కాదు.

వెలుపల నల్లగా మెరుస్తున్నది కొమ్ము. లోపల పసుపుపచ్చని పీచు జంతువుల నరం. నడుమ కనబడకుండా ఉన్నది కర్ర. ఈ మూడింటినీ వజ్రంతో అతికి చేసిన విల్లు ఇది. కొమ్ముకు నొక్కుడు ఓర్చే గుణం ఉంది, నరానికి సాగుడు ఓర్చే గుణం ఉంది. విల్లు వంచినప్పుడు విలుకాని వైపు ఉన్న భాగం నొక్కుకుంటుంది, అవతలి భాగం సాగుతుంది. అందువల్ల విలుకాని వైపు కొమ్ము, అవతలి వైపు నరం. ఎవరికి ఏ పని చేతనవునో ఆ పనే వారికి అప్పగించారన్నమాట. ఫలితం ఏమిటంటే, ఆరడుగుల కర్రవిల్లు చేసే పనిని నాలుగడుగుల కొమ్మువిల్లు చేస్తుంది. గుర్రం మీద కూర్చొని అటూ ఇటూ తిరుగుతూ కొట్టేవానికి పొట్టివిల్లు ఎంత సదుపాయమో వేరే చెప్పాలా? ఔరంగజేబు దర్బారు చూసిన ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే, తుపాకివాడు రెండుసార్లు పేల్చేలోగా రౌతు ఆరు బాణాలు వేయగలడని వ్రాశాడు.

ఇంత తెలివీ పరదేశం నుంచే వచ్చిందనుకోకండి. విష్ణుమూర్తి వింటి పేరు శార్ఙ్గం. శృంగం అంటే కొమ్ము, కొమ్ముతో చేసినది శార్ఙ్గం. రోజూ “శార్ఙ్గపాణీ” అని దణ్ణం పెట్టుకునేవారు కూడా ఆ పేరులో కొమ్ము ఉందని తలచరు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఆయుధాగారాన్ని గురించిన అధ్యాయం చూస్తే, తాటి చేవతో, వెదురుతో, కర్రతో, కొమ్ముతో అని విండ్లు నాలుగు రకాలుగా లెక్కకు వచ్చాయి. అల్లెత్రాళ్ళకు పనికివచ్చే నారల జాబితా కూడా ఉంది, అందులో జిల్లేడు నార ఒకటి, వెదురు ఒకటి, నరం ఒకటి. మన పాత నిఘంటువుల్లో విల్లుకు సింగిణి అనే మాట కూడా కనబడుతుంది. దానిలోనూ ఆ కొమ్మే దాగి ఉంది.

తరువాతి కాలంలో ఫారసీ భాషతో పాటు ‘కమాన్’ వచ్చింది. కమాన్ అంటే విల్లు. ఆ విల్లు పోయినా మాట మాత్రం మనలో వంద వేషాలు వేసింది. చార్మినారు ఎదుట చార్ కమాన్ చూడండి, వింటిలా వంగిన నాలుగు ద్వారాలు. ఫిడేలు వాయించే పుల్ల కమాను. శంషాబాదు మీదుగా బెంగుళూరు రోడ్డున పోయే లారీల కింద ఉండేవి కమాను కట్టలు. ఇనుప పట్టీలను పొరలు పొరలుగా పేర్చి బరువుకు వంగేటట్లు, వంగి మళ్ళీ లేచేటట్లు కట్టినవే అవి. కొమ్మువిల్లు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే లారీ మరమ్మతు చేసే అబ్బాయిని అడిగితే చాలు. 2024 పారిస్ ఒలింపిక్సులో మన విజయవాడ కుర్రవాడు బొమ్మదేవర ధీరజ్ పట్టిన తరహా నేటి విండ్లకు కూడా చేతులు పొరలు అతికి చేసినవే. కొమ్ముకు, నరానికి బదులు గాజుపీచు, బొగ్గుపీచు వచ్చాయి, అంతే.

ఇక దేశం తేల్చే పని. ఆసియాలో కొమ్మువిండ్లు చేసిన జాతులు చాలా ఉన్నాయి. అన్నదమ్ముల పోలికలున్నా ముక్కూ మొగమూ వేరు.

వ్యాపారి చైనా అన్నాడు గనుక చైనాతో మొదలుపెడదాం. మంచూ చక్రవర్తుల కాలపు చైనా విల్లు భారీ మనిషి, వంపు వెంట అయిదడుగులకు పైమాటే. దాని కొనలు పొడుగ్గా, తిన్నగా కట్టెల్లా ఉంటాయి. ఆ కొన మొదట ఫిడేలు గుర్రంలాంటి చిన్న దిమ్మ ఉంటుంది, త్రాడు వచ్చి దాని మీద ఆనుతుంది. మంగోలు విండ్లు కూడా ఆ కాలంలో ఈ వరవడిలోకే వచ్చాయి. నాలుగడుగుల చిల్లరలో, దిమ్మలు లేని విల్లును చైనా అనడం వ్యాపారి గడుసుతనమో, తెలియనితనమో ఆయనకే ఎరుక.

జపాను విల్లయితే చూడగానే తెలుస్తుంది. ఏడడుగుల పైచిలుకు పొడవు, వెదురూ కర్రా అతికినది. పిడి నడుమ ఉండదు, బాగా కిందికి ఉంటుంది. పట్టుకొన్నప్పుడు పై చెయ్యి పొడుగు, కింది చెయ్యి పొట్టి.

కొరియా విల్లు మనవారి విల్లంత పొట్టిది. త్రాడు విప్పితే అది కూడా సున్నాయే. కాని దాని వీపున రంగు పూలకు బదులు భూర్జపత్రం లాంటి చెట్టుబెరడు అతికి ఉంటుంది.

తుర్కీ విల్లు వీళ్ళందరిలో నాజూకు మనిషి. పొట్టి, తేలిక. పిడి అరచేతికి నిండేటట్లు కాస్త ఉబ్బి ఉంటుంది. పనివాడు కొనల దగ్గర తన పేరూ, సంవత్సరమూ వ్రాసుకోవడం అక్కడి ఆచారం. దూరపు బాణాలకు తుర్కులు పెట్టింది పేరు. ఇస్తాంబూలులో ‘బాణాల మైదానం’ అనే అర్థం వచ్చే పేటలో, ఫలానావాని బాణం ఇక్కడ పడిందని పాతిన రాళ్ళు కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి. ఇరాను విండ్లు తుర్కీ వాటికంటె కొంత పొడుగు, పూలూ బొమ్మలూ హెచ్చు.

మన దేశపు మొగలాయి విల్లు ఇరాను దానికి దగ్గరి చుట్టం. పిడి దగ్గర నడుము సన్నబడి లోపలికి పోతుంది, వెంటనే చేతులు వెడల్పవుతాయి, కొనలు గట్టిగా ముందుకు వంగుతాయి. త్రాడు విప్పగానే రెండు చేతులూ ఎండ్రకాయ డెక్కల్లా దగ్గరకు ముడుచుకుంటాయి. అందుకే పాశ్చాత్యులు దీన్ని ఎండ్రకాయ విల్లు అన్నారు. ఒళ్ళంతా రంగు, ఆ రంగు మీద బంగారు పూలూ తీగెలూ, పైన మెరుగు. ఈ రంగుపని తమ చేతిలో ఉండబట్టే విల్లు చేసే కమాన్‌గర్లు విండ్ల కాలం పోయినా బతికారు. కచ్ఛ్ ప్రాంతంలో వారు గోడల మీద చిత్రాలు వ్రాసేవారయ్యారు, ఆ చిత్రకళకు నేటికీ కమాన్‌గరీ అనే పేరు.

మన దేశానికే చెల్లిన మరో వింత ఉంది, ఉక్కువిల్లు. వజ్రం అంటే తోలు ఉడికించిన జిగురే కదా, వానాకాలపు చెమ్మకు మెత్తబడుతుంది. కొమ్మువిల్లుకు శ్రావణ భాద్రపదాలు గండం. అందుకని ఆయుధాగారాల్లో నిలవ ఉంచడానికి పూర్తిగా ఉక్కుతో, కొమ్మువింటి రూపంలోనే విండ్లు చేయించారు. కొన్నిటికి పిడి దగ్గర మర ఉంటుంది, విప్పితే రెండు ముక్కలు. బంగారు తీగెపని చేసినవీ ఉన్నాయి. బాణం వేగంలో కొమ్ముకు సరిరాదు గాని, చెదకూ చెమ్మకూ జంకదు.

చదువరి ఉత్తరం మరొకసారి చూద్దాం. నాలుగడుగుల చిల్లర, సన్నని పిడి, వెడల్పు చేతులు, దిమ్మలు లేవు, బెరడు లేదు, పనివాని పేరు లేదు, ఎర్రరంగు మీద బంగారు పూలు, సున్నాగా ముడుచుకొన్న ఒళ్ళు. ఇన్ని గుర్తులూ ఒకే వైపు చూపుతున్నాయి. ఇది మన దేశపు మొగలాయి వరవడి కొమ్మువిల్లు. ఇక మేనమామగారి మాట. గోలకొండ ఎనిమిది నెలల ముట్టడి తరువాత 1687లో పడిపోయింది, నిజమే. ఆ సేనలో ఇలాంటి విండ్లు ఉన్నాయి, అదీ నిజమే. కాని ఇప్పుడు చూడదొరికే ఇలాంటి విండ్లలో ఎక్కువ భాగం 18, 19 శతాబ్దాలవి. కొమ్మూ నరమూ పురుగుకు ఇష్టమైన భోజనం కావడం వల్ల అంతకు పాతవి నిలవడం అరుదు. ఔరంగజేబు పేరు చెప్పాలంటే వేరే ఆధారం చూపాలి.

పురుగు తినని సాక్షి ఒకటి ఉంది, ఉంగరం. ఈ విండ్లను మనం సినిమాల్లో చూసినట్లు మూడు వేళ్ళతో లాగరు, బొటనవేలితో లాగుతారు. త్రాడు కోసుకుపోకుండా బొటనవేలికి రాతి ఉంగరమో, దంతపుటుంగరమో తొడుగుతారు. చైనా ఉంగరం గొట్టపు ముక్కలా ఉంటుంది. మన దేశంలో, ఇరానులో, తుర్కీలో వాడినదానికి ఒక పక్క ఆకు మొనలా పెదవి సాగి ఉంటుంది. సాలార్‌జంగు మ్యూజియంలో పచ్చరాతి ఉంగరం ఒకటి ఉంది, దాని మీద షాజహాను బిరుదు చెక్కి ఉంది. మన చదువరి కూడా అమ్మమ్మల పాతపెట్టెలు ఒకసారి వెదకడం మంచిది. వేలికి పట్టని వింత ఉంగరం కనబడితే నగల్లో కలిపి కరిగించవద్దు.

మరి శంషాబాదుకు ఎలా వచ్చింది? ఆ ఊరి పేరే కొంత చెబుతుంది. శంసుల్ ఉమ్రా బిరుదు గల పాయిగా ప్రభువుల పేర వెలసిన ఊరంటారు. రెండవ నిజాం నాటి అబుల్ ఫతేఖాన్ తేగ్‌జంగ్ ఆ వంశానికి ఆద్యుడు. నిజాముకు గుర్రపుదళాన్ని పోషించి ఇవ్వడం పాయిగాల బాధ్యత, అందుకు ప్రతిఫలం జాగీర్లు. గుర్రపు రౌతులున్న చోట పొట్టివిల్లు ఉండడంలో వింత లేదు. తుపాకులు వచ్చిన తరువాత కూడా వేటకూ, పందేలకూ, ఊరేగింపులకూ విండ్లు వాడుకలో ఉన్నాయి. అయితే ఇది ఒక దారి మాత్రమే. హైదరాబాదు ప్రభువులు వస్తుసేకరణలో అఖండులు. మూడవ సాలార్‌జంగు ఇంటికి చేరని దేశపు వస్తువు లేదు. 1931లో నిజాము కుమారు లిద్దరికీ తుర్కీ రాజవంశపు కన్యలతో పెళ్ళిళ్ళయ్యాయి. ఇలాంటి పట్టణం చుట్టుపట్ల ఏ దేశపు విల్లు దొరికినా ఆశ్చర్యపడనక్కరలేదు. కనుక ముసలమ్మగారిని కూర్చోబెట్టి అడగండి. తాతగారు ఎవరి కొలువులో ఉండేవారు? అది ఎవరైనా ఇచ్చారా, వేలంలో కొన్నారా? ఆవిడ చెప్పినది చెప్పినట్లు తేదీ వేసి వ్రాసుకోండి. మొదటి రెండు ప్రశ్నలకూ మ్యూజియంవారు నేడు కాకపోతే రేపైనా జవాబు చెబుతారు. మూడవదానికి జవాబు ఆవిడ దగ్గర మాత్రమే ఉంది, ఆవిడ తరువాత ఎవరి దగ్గరా ఉండదు.

ఇప్పుడు చేయకూడని పనులు. మొదటిది, త్రాడు కట్టకండి. ఇలాంటి విండ్లు చాలా భాగం ఈ ముచ్చటకే బలి అయ్యాయి. సున్నాలా ఉన్నది కదా అని అదే వంపున రెండు కొనలకూ త్రాడు బిగిస్తారు. అది తలక్రిందుల పని. ఈ విల్లును వ్యతిరేక దిశకు తిప్పి, నరం వెలుపలికీ కొమ్ము లోపలికీ వచ్చేటట్లు వంచి ఎక్కుపెట్టాలి. తెలిసినవారు కూడా కొత్తవిల్లునే నిప్పుసెగ చూపి, మెల్లమెల్లగా, ఇద్దరు ముగ్గురు పట్టి ఎక్కుపెట్టేవారు. వందేళ్ళుగా అటక మీద ఎండిన విల్లు ఏ వైపు వంచినా ఫెళ్ళుమంటుంది. రెండవది, నూనె రాయవద్దు, ఎండలో పెట్టవద్దు, తడిగుడ్డతో తుడవవద్దు. మూడవది, వ్యాపారి చెప్పిన కొత్తరంగు. ఆ పాతరంగే దాని జాతకం, దాని మీద పూత వేస్తే జాతకం చెరిపినట్లే. మెత్తని గుడ్డ పరచి, దాని ఒంపుకు తగిన ఆధారమిచ్చి, పొడిచోట పడుకోబెట్టండి. పురుగు పొడి రాలుతోందేమో వారం వారం చూడండి.

చివరికి కుమారుని ప్రయాణం. 2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం తెరిచిన తరువాత శంషాబాదు నుంచి అమెరికా ప్రయాణం ఇంటి గుమ్మంలో ఎక్కినంత సులువైంది. కాని ఈ పెట్టెకు మాత్రం కాదు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్ళకు తక్కువ కాని ఇలాంటి వస్తువు పురావస్తువే. దాన్ని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికీ, ప్రభుత్వం నియమించిన సంస్థకూ తప్ప వేరెవరికీ లేదు. సొంత తాతగారి వస్తువన్నా, అమ్మడానికి కాదన్నా చెల్లదు. వస్తువు అంత పాతది కాదని అనుమానముంటే భారత పురావస్తు శాఖవారికి చూపి, పురావస్తువు కాదని పత్రం పుచ్చుకోవాలి. మన లెక్క సరి అయితే ఈ విల్లుకు ఆ పత్రం రాదు. చెప్పకుండా పెట్టెలో పెడితే సుంకం అధికారులు పట్టుకొన్నప్పుడు విల్లూ పోతుంది, కుర్రవాని ప్రయాణమూ చెడుతుంది. కొనలకు దంతం అతికి ఉంటే అడవిజంతువుల చట్టం మరొకటి అడ్డు. చేతిసంచీలో విల్లంబులు విమానంలోనికి రానివ్వరన్నది వేరే సంగతి.

చూశారా, ఏ దేశపు విల్లు అన్నది కబుర్లకు పనికివచ్చే ప్రశ్న అనుకొన్నాం. కొత్త చైనా బొమ్మ అయితే కుర్రవాడు నిక్షేపంగా పట్టుకుపోవచ్చు. మన దేశపు పాతవిల్లయితే అది ఇక్కడే ఉండాలి. మాటవరసకు ఈ కాలపు నకలు విల్లు కూడా చెప్పాలి. కొరియాలో, హంగరీలో, చైనాలో ఇప్పుడు పాతవాటి పోలికతో చక్కని విండ్లు చేస్తున్నారు. తోలుతొడుగు అంచున తొంగిచూస్తే చాలావాటిలో గాజుపీచు బద్ద కనబడుతుంది. ఒకే మందం, ఒకే రంగు, పురుగుపొడి లేదు, పీచు లేదు. గోడ అలంకారానికి కుర్రవాడు అలాంటిది ఒకటి కొనుక్కోవచ్చు, అక్కడే దొరుకుతుంది.

చదువరికి మా సలహా ఇది. పగటి వెలుతురులో పక్కన కొలబద్ద పెట్టి ఫోటోలు తీయించండి, మొత్తం విల్లుకు ఒకటి, రెండు కొనలకూ రెండు, పిడికి ఒకటి, రంగు ఊడిన చోట్లకు రెండు. వాటిని సాలార్‌జంగు మ్యూజియంలో గాని, పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర మ్యూజియంలో గాని ఆయుధాలు చూసేవారికి చూపండి. వ్యాపారికి అమ్మేముందు వారి మాట వినండి. కుమారునికి ఆ ఫోటోలలో మంచిది ఒకటి పెద్దది చేయించి ఇవ్వండి. ముసలమ్మగారు చెప్పిన కథ కూడా దాని వెనుక వ్రాయించండి. ఆ కాగితానికి ఏ విమానాశ్రయంలోనూ అభ్యంతరం ఉండదు.